అప్‌డేట్: మా ఇంటి సంఘంలో (ఇంట్లోనే కూడుకునే చర్చి) ఆ తమ్ముడి విషయం

గుర్తులేనివాళ్లకి: బాప్తిస్మం పొంది మూడు నెలలు కూడా నిండని తమ్ముడు తానే ఇంకో గుంపు మొదలుపెట్టి నడిపిస్తానంటున్నాడు, ఆపాలా వద్దా అని అడిగాను. బైబిల్లో అపొల్లో అనే బోధకుడి సంగతి చదవమని ఒకరు చెప్పారు. అదే పని చేసింది.

అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో ఆత్మలో తీవ్రత గలవాడే, కానీ యోహాను ఇచ్చిన మారుమనస్సు బాప్తిస్మం వరకే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల అనే విశ్వాసి దంపతులు అతన్ని నలుగురిలో నిలదీయలేదు. తమతో చేర్చుకుని విడమరిచి చెప్పారు. నేనేమో అప్పటికే ప్రార్థన అయ్యాక అందరి ముందూ వాడి మాటకి అడ్డుపడ్డాను. సిగ్గేసింది.

మొన్న ఇద్దరమే కూర్చున్నాం. వాడు కార్యములు 8 తీశాడు: "ఐతియోపీయుడైన నపుంసకుడికి నీళ్లు కనబడగానే ఫిలిప్పు బాప్తిస్మం ఇచ్చాడుగా అన్నా, ఎవరు ఆగమన్నారు?" నిజమే. నేను 1 తిమోతి తీసి 5:22 చూపించాను, తొందరపడి ఎవరిమీదా చేతులుంచవద్దని, అంటే తొందరపడి ఎవరినీ సేవకు నియమించవద్దని. 3:6లో కొత్తగా చేరినవాడు అధ్యక్షుడు (సంఘాన్ని నడిపేవాడు) కాకూడదని కూడా ఉంది. బాప్తిస్మానికి ఆలస్యం అక్కర్లేదు, నాయకత్వానికి కావాలి. ఈ రెండూ నేనే కలిపేసి మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. వేలు ఆ వచనం మీదే ఉంది. "అయితే సువార్త చెప్పొచ్చా?" అన్నాడు.

చెప్పమన్నాను. కొత్త గుంపు మొదలైంది, ఒక పెద్దాయన పక్కనుంటారు. కానుకలు ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. ఈ షరతు వాడే పెట్టాడు, నాకు తట్టలేదు.