అప్‌డేట్: కృతజ్ఞతలు రాసుకోవడం గురించి అడిగాను కదా

పడుకునే ముందు బుర్రలో టెన్షన్లు తిరుగుతూనే ఉంటాయి, ఆ రోజు జరిగిన మంచిని నోట్‌బుక్‌లో రాసుకుంటే నిజంగా ఉపయోగం ఉంటుందా అని ఇంతకుముందు అడిగాను. ఉంది. నిద్ర త్వరగా పడుతోంది, చిరాకు తగ్గింది. అయితే "ఇంట్లోవాళ్లకి థాంక్స్" అని రాస్తే ఏమీ అనిపించదు, "జ్వరంతో ఉన్నప్పుడు నేను మందు వేసుకునేదాకా అక్క ఫోన్ పెట్టేయకుండా లైన్‌లోనే ఉంది" అని రాస్తే మాత్రం మనసు నిండిపోతుంది.

రాసుకున్నది వాళ్లకే చెప్పమని మీలో ఒకరన్నారు, అసలు మార్పు అక్కడే వచ్చింది. నాకు లెక్కలు నేర్పిన టీచర్‌గారికి ఉత్తరం రాయాలంటే చాలా మొహమాటంగా అనిపించింది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇదే: రాసేవాళ్లు అవతలివాళ్లకి ఇబ్బందిగా ఉంటుందేమోనని ఎక్కువ ఊహించుకుంటారు, వాళ్లెంత సంతోషిస్తారో తక్కువ అంచనా వేస్తారు. టీచర్‌గారు ఉత్తరం అందగానే ఫోన్ చేసి, నేను బోర్డు దగ్గర తడబడిన లెక్కతో సహా గుర్తుచేశారు, ఆవిడ గొంతులో ఆ ఆనందం వింటే ఎవరికైనా ఇంకో ఉత్తరం రాయాలనిపిస్తుంది!

ఒక్క మాట, బాగా కుంగిపోయి ఉన్నవాళ్లు దీన్నే వైద్యం అనుకోవద్దు, డాక్టర్‌ని కలవండి. తర్వాతి ఉత్తరం మా పాత మేనేజర్‌గారికి, ఈ వారంలోనే పంపుతాను.