సినిమా క్విజ్‌కి మంచి ప్రశ్నలు చెప్తారా?

అందరికీ నమస్కారం. సినిమా పిచ్చి ఉన్న మిత్రులం కలిసి ఓ క్విజ్ పెట్టుకుంటున్నాం. ప్రశ్నలు తయారుచేసే పని నాది. ఏ సినిమా ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులు ఆడింది లాంటివి వద్దనుకుంటున్నాను. జవాబు వినగానే ఆ సినిమా మళ్లీ చూడాలనిపించాలి.

ఉదాహరణకి 1957 నాటి 'మాయాబజార్'. కథంతా అర్జునుడి కొడుకు పెళ్లి చుట్టూనే తిరుగుతుంది, కానీ పాండవులు ఒక్కరూ తెరమీద కనిపించరు! ఎన్నిసార్లు చూసినా చాలామందికి ఆ లోటు తెలియదు. కె.వి.రెడ్డి గారి గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం. ఇంకోటి 'విల్‌హెల్మ్ స్క్రీమ్': 1951 నాటి ఒక హాలీవుడ్ సినిమా కోసం రికార్డు చేసిన కేక, తర్వాత 'స్టార్ వార్స్'తో సహా ఎన్నో సినిమాల్లో వినిపించింది.

ఇలా చూస్తూనో వింటూనో పట్టుకోగలిగే విశేషాలు మీకు తెలిసినవి చెప్పండి, ఏ భాషైనా సరే. ఎడిటింగ్, కెమెరా పనితనం గురించినవైతే మరీ సంతోషం, నా దగ్గర అవే తక్కువ.

ఇంకో సందేహం. షూటింగ్ వెనక కథలు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు కదా, పాత ఇంటర్వ్యూలు కూడా దొరకనప్పుడు ఏది నిజమో మీరెలా తేల్చుకుంటారు?