నీటికాసుల (గ్లకోమా) ఆపరేషన్ అయినంక రెటీనాకు (కంటి లోపలి తెరకు) రక్తం మంచిగ అందుతదా?

ప్రశ్న (దేవరకొండ): మా బాపుకు ఎడమ కంట్ల ప్రెషర్ 32 ఉండె. మూడు రకాల చుక్కల మందుకు దిగలే. ట్రాబెక్యులెక్టమీ (కంట్లి నీళ్లు బయటికి పోనీకి కొత్త దారి చేసే ఆపరేషన్) చేసిన్రు, ఇప్పుడు 12. రక్తం పెరిగితే పోయిన చూపు వస్తదా? బీపీ గోలీ రాత్రి వేసుకుంటడు, పర్వాలేదా?

జవాబు: కంట్లకు రక్తాన్ని తోసేది బీపీ, ఎదురు నిలిచేది కంటి ప్రెషర్. బీపీ 120/80 అనుకోండి, కింది అంకెను రెండుసార్లు లెక్కేసి తీసే సగటు 93. కంటి దాక అందేది అందుల మూడింట రెండొంతులు, 62 అని లెక్క. దాంట్లకెళ్లి 32 తీస్తే 30 మిగులుతది, 12 తీస్తే 50. తోపు పెరిగినట్టే. కానీ రక్తం అదే లెక్కన పెరగదు. రెటీనా నాళాలు ప్రెషర్‌ను బట్టి వాటంతట అవే సన్నబడుతయి, వెడల్పైతయి. జబ్బు ముదిరిన కంట్ల ఈ సర్దుబాటే దెబ్బతింటది, అందుకే ప్రెషర్ దించుడు అంత అవసరం. ఓసీటీ యాంజియో (కంటి రక్తనాళాలను చూపే స్కాన్) తీస్తే కొందరికి కంటి నరం చుట్టూ సన్న నాళాలు మునుపటి కంటే ఎక్కువ కనబడుతయి, కొందరికి తేడా ఉండదు. చచ్చిన నరం పోగులు మాత్రం తిరిగి రావు. ఉన్న చూపు నిలవాలనే ఈ ఆపరేషన్.

ఇంకో జవాబు: రాత్రి గోలీ సంగతి తప్పక అడగండి. నిద్రల బీపీ ఎట్లైనా పడుతది, పడుకుంటే కంటి ప్రెషర్ పెరుగుతది. మీద గోలీ గూడ పనిచేస్తే నరానికి రక్తం కరువైతది. సొంతంగ బంద్ చేయొద్దు. నీటికాసులున్నయని బీపీ డాక్టర్‌కు చెప్పి, పొద్దటికి మార్చొచ్చా అని అడగండి.

కంటి ప్రెషర్ మరీ పడినా నష్టమే. 5, 6 కంటే కిందికి పోతే మాక్యులాల (రెటీనా నడిమి భాగంల) ముడతలు పడి గీతలు వంకరగ కనబడుతయి. ఎక్కువున్న ప్రెషర్ ఒక్కసారే పడితే రెటీనాల రక్తపు మచ్చలు వస్తయి, చాలామందికి కొన్ని వారాలల్ల అవే కరుగుతయి. అందుకే ఆపరేషన్‌కు ముందు మానిటాల్ (కంటి ప్రెషర్ దించే మందు) ఎక్కించి, లోపలి నీళ్లు మెల్లగ వదులుతరు.

ప్రశ్న: పత్తి ఏరనీకి ఎప్పుడు పోవచ్చు?

జవాబు: డాక్టర్ సరే అనేదాకా వద్దు. వంగుడు, మూటలెత్తుడు, దుమ్ము, మూడూ చెడ్డవే. కన్ను నలపొద్దు, రాత్రి షీల్డ్ పెట్టాలె. స్టెరాయిడ్ చుక్కలు నెలన్నర, రెండు నెలల దాక మెల్లగ తగ్గిస్తరు, నడుమ ఆపితే కొత్త దారి మూసుకుపోతది. పై రెప్ప కింద నీటిబుడగ లెక్క ఉన్నదే ఆ దారి. ఏండ్ల తర్వాతైనా కన్ను ఎర్రబడి నొప్పి, పుసి, మసక వస్తే మందుల షాపు చుక్కలతోని ఆగకుండ అదే రోజు కంటి దవాఖానకు తీసుకపోండి.