అమ్మాయి యూనివర్సిటీలో ఒపెరా ఉందట, పద్యనాటకాలు చూసినవాణ్ణి కూర్చోగలనా?

ఉక్కునగరం నాన్న:
నమస్కారమండీ. మాది అనకాపల్లి. స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాక వైజాగ్‌లోనే ఉండిపోయాం. మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చేస్తోంది. చదివేది కంప్యూటర్లు, సరదాకి అక్కడి మ్యూజిక్ వాళ్ళ కోరస్‌లో చేరింది. ఏప్రిల్లో వాళ్ళ యూనివర్సిటీలో వరసగా ప్రోగ్రాములున్నాయి: మొదట ఓ నాటకం, తర్వాత డాన్స్, నెలాఖరున మోజార్ట్ అనే ఆయన సంగీతం కట్టిన ఒపెరా, అంటే వాళ్ళ పాటల నాటకం, 'మ్యాజిక్ ఫ్లూట్'. అందులో మా అమ్మాయి పాడుతోంది. "నాన్నా, మీరిద్దరూ అప్పటికి ఇక్కడ ఉండాల్సిందే" అని ఒకటే గోల.

నాటకం ఇంగ్లీషే కాబట్టి సగమైనా అర్థమవుతుంది. డాన్స్‌కీ భయం లేదు. అమ్మాయి చిన్నప్పుడు కళాభారతిలో ఇత్తడి పళ్ళెం మీద నిలబడి తరంగం చేస్తుంటే, నేను దాని ముఖం చూడనే లేదు. పళ్ళెం ఎక్కడ జారుతుందోనని దానివంకే చూస్తూ కూర్చున్నాను. ఒపెరాతోనే చిక్కు. గౌరమ్మ జాతరకి తెల్లారేదాకా రాయబారం సీను చూసినవాణ్ణి. పీసపాటి వారి కృష్ణుణ్ణి చూసి పెరిగిన ప్రాణం. పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరిస్తే తప్ప నాకు నాటకం చూసినట్టుండదు. ఇదేమో జర్మన్ భాషట, మైకులు కూడా ఉండవట. మైకులున్న మన హాళ్ళలోనే వెనక వరసకి వినపడి చావదు. కిందటేడు ఓ సభలో మూడు పద్యాలూ కుయ్యిమనే శబ్దంలోనే పోయాయి. మరి అక్కడ ఎలాగ? కోటు కుట్టించుకోవాలా? నిద్రొస్తే పరువు పోతుందని మా ఆవిడ ఇప్పట్నుంచే టెన్షన్ పడుతోంది.

సముద్రపుగాలి:
కోటూ గీటూ వద్దు సార్. యూనివర్సిటీ షోలకి పిల్లలు జీన్స్‌తోనే వస్తారు. మేడమ్ గారు పట్టుచీర కడితే అందరికంటే ఆవిడే బాగుంటారు. లోపల ఏసీ మాత్రం చంపేస్తుంది, శాలువా ఉంచుకోండి.

హార్మోనియం అబ్బాయి:
మాస్టారూ, మీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. పదేళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించి, తర్వాత ఉద్యోగం మీద జర్మనీలో నాలుగేళ్ళున్నాను. నేను చూసిన మొదటి ఒపెరా ఇదే. మీకు తగినదే దొరికింది. ఇది రాజుగారి కొలువు కోసం కట్టింది కాదు. 1791 సెప్టెంబర్ 30న వియన్నా శివార్లలో మామూలు జనం వచ్చే థియేటర్లో మొదలైంది. పాటల మధ్యలో మాటలుంటాయి, అంటే మన పద్యం, వచనం లెక్కే. కథ రాసిన షికనేడర్‌ది ఆ నాటక కంపెనీయే. పాపగేనో అనే పిట్టలు పట్టేవాడి వేషం కూడా ఆయనే కట్టాడు. మోజార్ట్ డిసెంబర్ 5న చనిపోయాడు, అంటే ఆట మొదలై నిండా పది వారాలు కాలేదు.

తెర లేవగానే రాజకుమారుణ్ణి పాము తరుముతుంది. అతను మూర్ఛపోతే ముగ్గురు ఆడవాళ్ళొచ్చి పాముని చంపేస్తారు. లేచేసరికి ఎదురుగా పాపగేనో. పాముని నేనే చంపానని కోస్తాడు. ఆ ముగ్గురూ తిరిగొచ్చి, అబద్ధమాడినందుకు వాడి నోటికి తాళం కప్ప వేస్తారు. తర్వాత పాటలో వాడికి వచ్చేది "హ్మ్ హ్మ్ హ్మ్" అన్న మూలుగే, అది కూడా తాళం తప్పకుండా! సురభి వాళ్ళ మాయాబజార్‌కి నవ్వినవాళ్ళు దీనికి నవ్వకుండా ఉండలేరు. జర్మన్ రాకపోయినా పర్లేదు, సాధారణంగా స్టేజీ పైన తెరమీద ఇంగ్లీషు అర్థం పడుతుంటుంది. 1983లో టొరంటోలో మొదలైన ఏర్పాటు అది.

మైకు సంగతి. సాధనలో ఒపెరా పాడేవాళ్ళ గొంతుకి 3000 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) దగ్గర ఒక పదును వస్తుంది. వాద్యాల హోరు ఆ ఎత్తులో పల్చబడుతుంది, ఆ సందులోంచి గొంతు బయటికొస్తుంది. మైకులు రాకముందు మన నటులు ఆరుబయట ఆఖరి చాప దాకా పద్యం అందించేవారు కదా, అదీ సాధన చేసిన గొంతే. రెండో అంకంలో రాత్రిరాణి అనే పాత్ర కోపంగా పాడే పాటకి రెడీగా ఉండండి. నాకు చేతిమీద రోమాలు లేచాయి.

ఇక వన్స్ మోర్. ఆ పిచ్చి వాళ్ళకీ ఉండేది మాస్టారూ! 1786లో మోజార్ట్‌దే ఇంకో ఒపెరాకి జనం మళ్ళీ మళ్ళీ పాడించుకుని ఆట సాగదీస్తుంటే, చక్రవర్తి రెండో జోసెఫ్ ఒకరికంటే ఎక్కువమంది కలిసి పాడేవి తిరిగి పాడించకూడదని ఆర్డరే వేశాడు. ఇప్పుడు పాట అయ్యాక చప్పట్లు కొట్టొచ్చు, పాట నడుస్తుండగా మాత్రం వద్దు. అరవాలనుంటే ఆఖర్న అందరూ వచ్చి దణ్ణాలు పెట్టేటప్పుడు అరవండి. మగాడికి బ్రావో, ఆడమనిషికి బ్రావా, గుంపుకి బ్రావీ.

సీతమ్మధార అక్క:
తమ్ముడు అసలుది మర్చిపోయాడు. అన్నయ్యగారూ, ఆడామగా కలిసిన కోరస్ ఈ ఒపెరాలో ముఖ్యంగా మొదటి అంకం చివర, మళ్ళీ ఆట చివర వస్తుంది. మధ్యలో పూజారుల పాటలు మగవాళ్ళవే. కాబట్టి కునుకు తీయాల్సొస్తే మధ్యలో తీయండి, ఇంటర్వెల్‌కి ముందు పావుగంట మాత్రం వదినగారు మిమ్మల్ని గిల్లాల్సిందే. రెండోది, లేటైతే తలుపు తీయరు, సందు దొరికేదాకా బయట నిలబెడతారు. గొంతులు అలిసిపోతాయని కాలేజీ షోలకి పెద్ద వేషాలు ఇద్దరేసి కట్టడం మామూలే. రాణి వేషం ఏ రోజు ఎవరు బాగా పాడుతున్నారో అమ్మాయినే అడిగి ఆ రోజుకి టికెట్ తీసుకోండి.

ఉక్కునగరం నాన్న:
అందరికీ థాంక్సండీ. రాత్రే అమ్మాయికి ఫోన్ చేశాను. శనివారం రాణి అదరగొడుతోందట, అదే తీయమన్నాను. "నోటికి తాళం వేసేది వస్తుందటగా" అంటే, "నీకెవరు చెప్పారు?" అని ఒకటే ఆశ్చర్యం. నేను చెప్పలేదు. పట్టుచీర ఖాయమైంది. మాడుగుల హల్వా రెండు కిలోలు అనుకున్నాను, కోరస్‌లో ముప్పైమంది ఉన్నారట, నాలుగు చేయాలి. మా ఆవిడ వంటింట్లో "బ్రావీ" ప్రాక్టీస్ చేస్తోంది, వింటే పాలవాణ్ణి పిలుస్తున్నట్టుంది.