షుగర్ కిడ్నీ జబ్బుకు యాంటీఆక్సిడెంట్ మాత్రలు: వేసుకోవాలా, మానాలా?

సీతమ్మధార అమ్మాయి:
మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్. ఈ మధ్య మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ కనిపించింది, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడపోయకపోతే పెరిగే వ్యర్థం) 1.6కు చేరింది. బీచ్ రోడ్డులో పొద్దున్నే ఆయనతో నడిచే స్నేహితులు విటమిన్ ఇ, విటమిన్ సి, పసుపు సారం మాత్రలు వాడమన్నారు. "కిడ్నీ పాడయ్యేది ఆక్సిడేటివ్ స్ట్రెస్ (చురుకైన ఆక్సిజన్ రాడికల్స్ కణాలను దెబ్బతీయడం) వల్లేనని డాక్టరే చెప్పారు కదా, దాన్ని తగ్గించేది వేసుకుంటే తప్పేమిటి?" అంటున్నారు నాన్న. ఏం చెప్పాలో తోచడం లేదు.

ఎంవీపీ మాస్టారు:
మీ నాన్నగారి మాటలో తర్కం ఉందమ్మా. రక్తంలో చక్కెర ఎక్కువైతే కిడ్నీ కణాల్లోని మైటోకాండ్రియాలు సూపరాక్సైడ్ అనే ఆక్సిజన్ రాడికల్‌ను విపరీతంగా పుట్టిస్తాయి. దాంతో ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ చురుకై ఇన్‌ఫ్లమేషన్ (వాపు) మొదలవుతుంది, మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు వచ్చి చేరతాయి. ఆపైన టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ ప్రభావంతో వడపోత భాగమంతా మచ్చకట్టి గట్టిపడుతుంది. ఎలుకల్లో యాంటీఆక్సిడెంట్లు ఇస్తే అల్బుమిన్ తగ్గిన పరిశోధనలు చాలా ఉన్నాయి. రసాయనశాస్త్రం బోధించినవాణ్ణి, ఇంత స్పష్టంగా కనిపిస్తున్న దారిని కొట్టిపారేయలేను.

గాజువాక ఫార్మసిస్టు:
మాస్టారూ, మీరు చెప్పిన క్రమం నిజమే. దాన్ని ఈ మాత్రలు ఆపగలవా అన్నదే పేచీ. మనుషుల్లో ఏం జరిగిందో చూడండి. శరీరంలోని సొంత యాంటీఆక్సిడెంట్ వ్యవస్థను ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్ ద్వారా మేల్కొలిపే బార్డోక్సోలోన్ అనే మందును, నాలుగో దశ (బాగా ముదిరిన) కిడ్నీ జబ్బు ఉన్న 2,185 మంది టైప్ 2 షుగర్ రోగులతో బీకన్ అనే క్లినికల్ పరీక్షలో చూశారు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే) అంకె బాగానే పెరిగింది. కానీ గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలైనవారు ఎక్కువ కావడంతో 2012లో మధ్యలోనే ఆపేశారు.

విటమిన్ ఇ సంగతీ అంతే. హోప్ పరీక్షలో దానివల్ల కిడ్నీకి మేలు జరగలేదు. దాని కొనసాగింపు ఫలితాలు 2005లో వచ్చినప్పుడు గుండె వైఫల్యం ముప్పు పెరిగినట్టు తేలింది. షుగర్ కిడ్నీ రోగులకు బి విటమిన్లు పెద్ద మోతాదులో ఇచ్చిన కెనడా పరీక్షలో (2010), ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే విటమిన్లు తీసుకున్నవాళ్ల కిడ్నీ పనితీరే వేగంగా పడిపోయింది. విటమినే కదా, ఏం చేస్తుందిలే అనుకోవడం నాకు భయం పుట్టిస్తుంది. విటమిన్ సి ఎక్కువైతే ఆక్సలేట్‌గా మారుతుంది, నీరసించిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేక స్ఫటికాలతో మరింత దెబ్బతింటుంది.

ఎంవీపీ మాస్టారు:
బీకన్‌లో చేరినవాళ్లు అప్పటికే నాలుగో దశలో ఉన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఫలితం ఎలా ఉంటుంది? అక్కడ ఓడిపోయింది కాబట్టి తొలిదశలోనూ ఓడుతుందనడం న్యాయం కాదు. ఇన్‌ఫ్లమేషన్‌ను, మచ్చకట్టడాన్ని అణిచే దారిలో పనిచేసే ఫినరెనోన్ మందు, 2020 నాటి ఫిడెలియో పరీక్షలో కిడ్నీ దెబ్బతినే ముప్పును 18 శాతం తగ్గించింది కదా!

డయాలసిస్ నర్సు, పెందుర్తి:
మా దగ్గరికి వచ్చేవాళ్ల మందుల సంచి విప్పితే బీపీని తగ్గించి కిడ్నీని కాపాడే టెల్మిసార్టన్ స్ట్రిప్ సగం మిగిలే ఉంటుంది, పసుపు మాత్రల సీసా మాత్రం అడుగంటి ఉంటుంది. నాకు తెలిసిన అసలు నష్టం ఇది.

గాజువాక ఫార్మసిస్టు:
నర్సు గారు చెప్పిందే నా బాధ కూడా. మాస్టారూ, ఫినరెనోన్ గెలిచింది నిజమే. అది మినరలోకార్టికాయిడ్ రిసెప్టర్‌ను (కణాల్లో హార్మోన్లు అతుక్కునే చోటు) అడ్డుకుని, ఇన్‌ఫ్లమేషన్ పుట్టే చోటే పనిచేస్తుంది. పుట్టిన ఆక్సిజన్ రాడికల్స్‌ను తర్వాత ఏరివేయడం వేరు, పైగా కణాలకు వాటితో కొంత పని కూడా ఉంటుంది. అదీగాక మంచి మందు చవకగా దొరుకుతోంది. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ మందు పేటెంట్లు మన దేశంలో ముగిశాయి, ధర బాగా దిగింది. 2020 నాటి డాపా-సీకేడీ పరీక్షలో కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడం, కిడ్నీ వైఫల్యం, గుండె లేదా కిడ్నీ జబ్బుతో మరణం కలిపి చూస్తే 39 శాతం తక్కువగా నమోదయ్యాయి. నాన్నగారికి ఇది రాశారా, లేదా?

ఎంవీపీ మాస్టారు:
తొలిదశ గురించి నా ప్రశ్న అలాగే ఉంది. అయితే రాసిచ్చిన మందు మానేసి ఈ మాత్రలు వేసుకోమని నేనెన్నడూ అనను.

సీతమ్మధార అమ్మాయి:
టెల్మిసార్టన్ వేసుకుంటున్నారు. డాపాగ్లిఫ్లోజిన్ ఎవరూ రాయలేదు. శనివారం నెఫ్రాలజిస్టును కలుస్తున్నాం, అడుగుతాను. మరి కూరలో పసుపు కూడా మానాలా?

గాజువాక ఫార్మసిస్టు:
కూరలో పసుపు మానక్కర్లేదమ్మా. ఆ సీసాలన్నీ వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో పొటాషియం రిపోర్టులు కూడా పట్టుకెళ్లండి. ఫినరెనోన్ మాట వస్తే ముందు చూసేది పొటాషియమే.