నా నికెల్ క్యాటలిస్టు రోజుకో తీరు చూపిస్తున్నది, మీకెవరికన్నా ఇట్ల అయిందా?

పానగల్ పిలగాడు:
అందరికి నమస్తే. నల్లగొండ దిక్కు పీహెచ్‌డీ రెండో సంవత్సరం చేస్తున్న. నీళ్లను కరెంటుతోటి హైడ్రోజన్, ఆక్సిజన్ కింద విడగొట్టే పని. ఆ పనిని తేలిక చేసే సరుకే క్యాటలిస్టు. ఇరిడియం, రుథీనియం లాంటి ఖరీదైన లోహాలు కొనే తాహతు మా ల్యాబుకు లేదు గనుక నికెల్ పట్టుకున్న. నికెల్ ఫోమ్ (స్పాంజి లెక్క చిల్లులున్న నికెల్) మీద నికెల్ హైడ్రాక్సైడ్ పెంచి, 1 మోలార్ కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం) ద్రావణంల ముంచి ఆక్సిజన్ వచ్చే దిక్కు చూస్తున్న. మొదటి రోజు చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీయాంపియర్ల కాడ ఓవర్‌పొటెన్షియల్ (లెక్క ప్రకారం కావాల్సినదానికంటే ఎక్కువ పెట్టాల్సొచ్చే వోల్టేజి, ఎంత తక్కువుంటే అంత మంచిది) 370 మిల్లీవోల్టులు. అదే ముక్క, అదే ద్రావణం, మూడో రోజుకు 305! నేనేం ముట్టుకోలే. మా సారు సంబురపడి "యాక్టివేట్ అయితున్నది, పేపర్ రాసెయ్" అంటున్నడు. ఇంకో ముక్క చేస్తే 340 కాడనే ఆగింది. మాది బోరు నీళ్లతోటి తీసిన డిస్టిల్డ్ వాటర్. తప్పు నీళ్లదా, నాదా?

దేవరకొండ అన్న:
తమ్మీ, రాయకు. ఆగు. నీ క్యాటలిస్టు నికెల్ కాదు, ఇనుము.

మామూలు ఏఆర్ గ్రేడ్ (ల్యాబుల వాడే రకం) కేఓహెచ్‌ల ఇనుము కొద్దిగ ఉండనే ఉంటది. లీటరుకు మిల్లీగ్రాము కూడ అక్కర్లేదు, అంతకంటే తక్కువైనా చాలు. నికెల్ హైడ్రాక్సైడ్ పొరలు పొరలుగ ఉంటది కద, వోల్టేజి పెంచి దించే సైకిల్ తిరిగినప్పుడల్లా ఆ ఇనుమును గుంజుకుంటది. నీ సీవీ (ఆ సైకిల్‌ల కరెంటు ఎట్ల మారిందో చూపే) గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు. ఆక్సిజన్ లేచే ముందు నికెల్ పీక్ వస్తది కద, అది రోజురోజుకు కుడిదిక్కు జరిగి చిన్నగయితున్నదా? అయితే ఇంక అనుమానం లేదు.

ఇది కొత్త సంగతి గూడ కాదు. 1987లనే కొరిగన్ అనే శాస్త్రవేత్త రాసిండు. 2014ల అమెరికాల ఒరెగాన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త బోచర్ వాళ్ల బృందం కేఓహెచ్‌ను శుభ్రం చేసి చూపించినంక అందరికి కండ్లు తెరుచుకున్నయి: ఇనుము తీసేస్తే ఉత్త నికెల్ చాన మందకొడి సరుకు. నికెల్ బ్యాటరీలోళ్లకు ఇనుమంటే మొదటి నుంచి పడదు, చార్జింగ్ పెడితే బ్యాటరీ నిండకుండ ఆక్సిజన్ వస్తదని. వాళ్ల రోగమే మనకు మందయింది.

శుభ్రం చేసుడు కష్టమేం కాదు. మంచి ప్యూరిటీ నికెల్ నైట్రేట్ ప్లాస్టిక్ ట్యూబుల కరిగించి కేఓహెచ్ పొయ్యి, ఆకుపచ్చ మడ్డి పడుతది. సెంట్రిఫ్యూజ్ చేసి రెండు మూడు సార్లు కడుగు. ఆ మడ్డిని నీ కేఓహెచ్‌ల వేసి బాగ కుదిపి కొన్ని గంటలు తేరనియ్యి. ఇనుమంత దానికే అంటుకుంటది. పైన తేట ఒంచుకొని అండ్ల కొత్త ముక్క పెట్టి మళ్ల కొలువు. గాజు బీకర్ల మాత్రం పొయ్యకు.

మర్రిగూడ మనవరాలు:
పై పద్ధతి చదువుతుంటే మా నాయనమ్మ బకెట్ యాదికొచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కట్టెతోటి గిరగిర తిప్పి, తెల్లటి మడ్డి అడుగుకు దిగినంక పైన నీళ్లు ఒంచుకునేది. మన జిల్లా పేరు మీదనే ఉన్నది కద "నల్గొండ టెక్నిక్", నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు తెచ్చింది. ఆడ మడ్డి ఫ్లోరైడ్‌ను పడుతది, ఈడ ఇనుమును. నాయనమ్మ కాళ్లు మాత్రం అప్పటికే వంగిపోయినయి.

పాలమూరు లెక్చరర్:
గాజు విషయం నేను చెబుతాను. గాఢ క్షారం గాజును మెల్లమెల్లగా తినేస్తుంది, గాజులో ఉన్న ఇనుము కూడా ద్రావణంలోకి దిగుతుంది. నా సెల్ (ప్రయోగం చేసే గాజు పాత్ర) నెలలో పొగ పట్టినట్టు మసకబారింది. నేను స్టీలు సామాన్ల దుకాణంలో దొరికే గట్టి ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను. అడుగున త్రికోణం మధ్యలో 5 అని ఉండాలి, అంటే పాలీప్రొపిలీన్. మూతకు సోల్డరింగ్ ఐరన్‌తో మూడు చిల్లులు పెట్టాను, ఎలక్ట్రోడ్లు సరిగ్గా దిగాయి. అచ్చం టిఫిన్ డబ్బాలా ఉందని పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వనీ, రీడింగులు కదలడం ఆగిపోయింది.

ఇంకో మాట. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తామో అది) ఏది వాడుతున్నారు? సిల్వర్ క్లోరైడ్ అయితే క్షారంలో అది నిలకడగా ఉండదు, క్లోరైడ్ కూడా కారుతుంది. మెర్క్యురీ ఆక్సైడ్ ఎలక్ట్రోడ్ తీసుకోండి.

గద్వాల్ బిడ్డ:
నా పరువు పోయిన కథ చెప్తే నీకు జర ధైర్యమొస్తదేమో. నాది హైడ్రోజన్ దిక్కు. పల్లికాయ పొట్టు కాల్చి చేసిన కార్బన్. వెయ్యి సైకిళ్లు తిప్పితే పనితనం తగ్గాల్సింది పోయి పెరుగుకుంట పోయింది. వనపర్తి పల్లి పొట్టుతోటి హైడ్రోజన్‌కు అన్నింటికంటే మంచిదనే ప్లాటినమ్‌ను మించిపోతున్నమని పోస్టర్ గూడ వేసిన. పోస్టర్ ముందల ఒక పెద్దాయన నిలబడి ఒక్కటే అడిగిండు: "కౌంటర్ ఎలక్ట్రోడ్ ఏందమ్మా?" అంటే ఎదురు కొసన పెట్టే ఎలక్ట్రోడ్. ప్లాటినమ్ వైర్ సార్ అన్న. ఆయన నవ్వి పోయిండు. నాకు సమజయ్యేటాల్లకు చెమటలు పట్టినయి. ఆ కొసన ప్లాటినమ్ కొద్దికొద్దిగ కరిగి ఈ కొసన నా పొట్టు మీద కూసుంటున్నది. నేను కొలిచింది ప్లాటినమ్‌నే! గ్రాఫైట్ కడ్డీ పెట్టి మళ్ల చేస్తే ఉత్త బొగ్గు ఉత్త బొగ్గు లెక్కనే నడిచింది.

దేవరకొండ అన్న:
@గద్వాల్ బిడ్డ, అచ్చయిన పేపర్లలో గూడ ఇది ఉన్నది. నీకు పోస్టర్ కాడనే తెలిసింది, అదృష్టం.

మిర్యాలగూడ రైస్‌మిల్లు:
నీళ్ల సంగతి ఎవరూ చెప్పలే. బోరు నీళ్లయితే డిస్టిలేషన్ యూనిట్ల హీటర్ కాయిల్ చూసినవా? మా దాని మీద సున్నం పెంకులు పెంకులుగ పేరుకుంది, వేలితోటి విరిస్తే రేకు లెక్క ఊడొచ్చింది. నీళ్లు ఉడికి ఎగిరితే తుంపర్లు పక్క సీసాలకు పోతయి. కండక్టివిటీ మీటర్ పెట్టి చూడు, నీళ్లల్ల లవణాలున్నయో లేదో తెలుస్తది. మేం రెండు సార్లు డిస్టిల్ చేస్తం.

హాలియా కోడలు:
కొంచెం పక్క ముచ్చట, ఏమనుకోకండి. నాది ఎండతోటి పనిచేసే క్యాటలిస్టు, కార్బన్ నైట్రైడ్. యూరియాను మూత పెట్టిన క్రూసిబుల్‌ల 550 డిగ్రీల కాడ కాలిస్తే పసుపు పొడి వస్తది. టైటానియం డయాక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (పని మొదలుకావాలంటే వెలుతురుల ఉండాల్సిన కనీస శక్తి) 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అల్ట్రావయొలెటే కావాలె దానికి. దీనిది 2.7, కనపడే వెలుతురు గూడ కొంత పట్టుకుంటది. కష్టమేందంటే 10 గ్రాములు వేస్తే అర గ్రాము గూడ రాదు, మిగిలినదంత అమ్మోనియా, ఇంక వేరే గ్యాసులయి వరండాల అందరినీ ఏడిపిస్తది. మా ఆయన పొలానికి తెచ్చిన బస్తా చూపించి "ఎంత కావాలె, తీసుకపో" అన్నడు. వేప పూత యూరియా అది, ఏమేం కలిసిందో పేపర్ల ఎట్ల రాస్త? సీసాలది కొనక తప్పలేదు.

జడ్చర్ల:
ఇవన్నీ చేసినంక కొలువులు ఏడున్నయి అన్నా? మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల బ్యాటరీ ఫ్యాక్టరీకి 2023ల శంకుస్థాపన చేసిన్రు, అటు పోతే నయం కాదా?

దేవరకొండ అన్న:
పోవచ్చు. ఈ సీవీలు, ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు వచ్చే అడ్డు) కొలుచుడు, శుభ్రంగ కొలిచే అలవాటు, ఆడ గూడ గదే పని. కేంద్రం 2023 జనవరిల గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు ఒప్పుకున్నది, 2030 కల్లా ఏడాదికి 50 లక్షల టన్నులంట. అండ్ల మన జిల్లా కాలేజీల దాక ఎంత వస్తదో నన్నడగకు.

పానగల్ పిలగాడు:
పన్నెండు రోజుల తర్వాత వస్తున్న, మాఫ్ చెయ్యుర్రి. ఒక దినం ఆటోక్లేవ్ (ముక్కల మీద పొర పెంచే ప్రెషర్ పాత్ర) పెట్టినంక కరెంటు పోయి ముక్కలన్నీ ఆగమైనయి, మళ్ల చేసిన.

డబ్బా సెల్, శుభ్రం చేసిన కేఓహెచ్, రెండు సార్లు తీసిన నీళ్లు. మొదటి రోజు 378. మూడో రోజు 381. అంటే కదలలే! పీక్ గూడ జరగలే. పాత నీళ్లే ఉంచి, కేఓహెచ్ ఒక్కటే శుభ్రం చేసింది పెట్టి చూసినా గంతే, కదలలే, కాబట్టి బోరుకు ఈ పాపం అంటగట్టలేం. తర్వాత తెలిసే జర ఇనుము కలిపిన, 284కు దిగింది.

సారుకు చూపెడితే రెండు రోజులు మాట్లాడలే. మూడో రోజు పిలిచి, టైటిల్ల "నికెల్" పక్కన "ఇనుము" రాసి, ఎంత కలిపితే ఎంత దిగుతదో అయిదు ముక్కలు చెయ్యమన్నడు. ఐసీపీ అనాలిసిస్‌కు (ఇనుము ఎంతున్నదో లెక్క తేల్చే పరీక్ష) హైదరాబాద్ పంపాలె, ఒక్కో శాంపిల్‌కు పైసలు నా జేబుల నుంచే.

@గద్వాల్ బిడ్డ, నీ కథ చదివినంక నా ప్లాటినమ్ వైర్ గూడ తీసేద్దామని ఉన్నది. గ్రాఫైట్ కడ్డీ ఎంత మందంది తీసుకోవాలె?

గద్వాల్ బిడ్డ:
6 మిల్లీమీటర్లది. నా దగ్గర రెండున్నయి, ఒకటి నీకిస్త. ఆదివారం నల్లగొండ బస్టాండ్ల దిగుత, మా చిన్నమ్మోళ్లింటికి పోయేదున్నది. పెన్సిల్ ములుకులు మాత్రం పెట్టకు తమ్మీ, అండ్ల మట్టి గూడ ఉంటది.