బెస్సాంగ్ కనుమలో చనిపోయిన గెరిల్లా రికార్డు ఎలా అడగాలి?

నేను ఫిలిప్పీన్స్‌లో, బాగియోలో చదువుకుంటున్నాను. మా ఓనరు ఆంటీ వాళ్ల నాన్నగారు 1945 జూన్‌లో ఈ దేశానికి ఉత్తరాన ఉన్న బెస్సాంగ్ కనుమ దగ్గర, అమెరికా సైన్యం కింద పనిచేసిన గెరిల్లా దళంలో ఉండి జపాన్ సైన్యంతో పోరాడుతూ చనిపోయారు. ఉన్న ఆధారం ఒక్కటే: పాత ఫోటో వెనక పెన్సిల్‌తో '121 ఇన్‌ఫాంట్రీ' (ఆయన పదాతి దళం పేరు), దాని కింద సగం చెరిగిన పేరు.

మనీలా అమెరికన్ శ్మశానంలో రెండో ప్రపంచ యుద్ధంలో ఆచూకీ దొరకని 36 వేల మందికి పైగా పేర్లు గోడల మీద చెక్కారు. ఆ జాబితాను ఆన్‌లైన్‌లో మూడు స్పెల్లింగులతో వెతికాను, లేదు. ఇక్కడివాళ్లు పేరు మధ్యలో తల్లి పుట్టింటి ఇంటిపేరు పెట్టుకుంటారు (మన ఇంటిపేర్ల గొడవే నయం!), అది తీసేసీ చూశాను. ఇక్కడి ఒక ఆఫీసుకు రెండు నెలల కింద మెయిల్ పెడితే ఇంతవరకూ ఉలుకూ పలుకూ లేదు.

గెరిల్లా దళాల రోస్టర్లు (సభ్యుల పేర్ల జాబితాలు) అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడి నుంచి తెప్పించుకున్నవాళ్లు చెప్పండి: చేతిలో పేరు, యూనిట్ నంబరు మాత్రమే ఉంటే, దరఖాస్తులో ఏ రికార్డు కావాలని రాయాలి?